నలుగురికి ఉపాధి ఇస్తూ లాభంలో నడిచే వ్యాపారం ఎలా పెట్టాలి?

మంచి పనికి డబ్బు తీసుకోవడం తప్పని మనలో చాలామంది అనుకుంటాం. హైదరాబాద్‌లో 1987లో మొదలైన ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిని చూడండి. స్తోమత ఉన్నవాళ్లు ఫీజు కడతారు, లేనివాళ్లకు ఉచితంగా చూస్తారు. విరాళాలతో పాటు ఆ ఫీజుల రాబడి కూడా ఉచిత వైద్యానికి దన్నుగా నిలుస్తుంది. సోషల్ ఎంటర్‌ప్రైజ్‌కి, అంటే సమాజానికి మేలు చేస్తూ లాభంలో నడిచే వ్యాపారానికి, పునాది ఇదే: అమ్మకం పెరిగిన కొద్దీ మేలు కూడా పెరగాలి. బస్తీ మహిళలతో గుడ్డ సంచులు కుట్టించే యూనిట్‌ను ఉదాహరణగా తీసుకుందాం.

1. ముందు కొనేవాళ్లను వెతకండి

మేలు జరిగేది కుట్టే మహిళలకు. డబ్బిచ్చేది వేరేవాళ్లు. చాలామంది మొదటివాళ్ల గురించే ఆలోచించి మిషన్లు కొంటారు, ట్రైనింగ్ ఇస్తారు. ఆర్డర్లు లేక ఆ మిషన్లు మూలన పడతాయి. నన్నడిగితే, చేతిలో ఒక్క ఆర్డరైనా లేకుండా మిషన్ కొనకూడదు.

120 మైక్రాన్ల కంటే పలచని ప్లాస్టిక్ క్యారీబ్యాగులపై 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. అయినా కూరగాయల బండి దగ్గర మీ సంచికి మంచి ధర రాదు. పెళ్లివాళ్ల దగ్గర వస్తుంది. తాంబూలం సంచి మీద వధూవరుల పేర్లు అచ్చు వేసిస్తే పెద్దగా బేరమాడరు. ఫంక్షన్ హాళ్లు, కేటరింగ్ వాళ్లు, ఈవెంట్ మేనేజర్లతో మాట్లాడి పెట్టుకోండి.

2. ఒక్క సంచికి లెక్క వేయండి

అసలు కష్టమంతా ఇక్కడే. గుడ్డ హైదరాబాద్ పాతబస్తీలోని మదీనా దగ్గర హోల్‌సేల్ షాపుల్లో తానుల లెక్కన తీసుకున్నారనుకుందాం. సంచికి గుడ్డ 18 రూపాయలు, దారం, హ్యాండిల్ 4, కుట్టుకూలి 10, ప్రింటింగ్ 5, ఆటో చార్జీ 2, పాడైన పీసులకు 2, అద్దె, కరెంట్ 3. మొత్తం 44. యాభైకి అమ్మితే 6 రూపాయలు మిగులుతాయి. ఇవి లెక్క అర్థం కావడానికి వేసినవి. మీ రేట్లు మీరే కనుక్కోండి.

ఇప్పుడు వాచీ పెట్టి చూడండి. ఒక సంచికి పావుగంట పడితే గంటకు నాలుగు, ఎనిమిది గంటలకు 320 రూపాయలు. కుట్టే మహిళకు బయట దొరికే కూలి కంటే, ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనం కంటే అది తక్కువైతే మీరు ఆమెకు మేలు చేస్తున్నట్టు కాదు. పీసు రేటు పెంచండి, లేదా కటింగ్ ఒకరికి, హ్యాండిల్ ఒకరికి పంచి టైమ్ తగ్గించండి.

కస్టమర్ 45కే ఇమ్మంటే మాత్రం కుట్టుకూలి జోలికి వెళ్లొద్దు. తగ్గించడానికి వేరే చోట్లున్నాయి. ప్రింటింగ్ స్క్రీన్ తయారీకి 100 సంచులకైనా, 1000 సంచులకైనా ఒకటే ఖర్చు. కాబట్టి కనీస ఆర్డర్ ఇంత అని ముందే చెప్పేయండి. గుడ్డ పన్నాకు (వెడల్పుకు) తగ్గట్టు సంచి కొలత మార్చినా చాలా గుడ్డ వృథా కాకుండా ఉంటుంది.

3. రిజిస్ట్రేషన్

లాభం మళ్లీ సంస్థలోకే వెళ్లాలి, విరాళాలు, సీఎస్ఆర్ నిధులు (కంపెనీలు సామాజిక సేవకు ఇచ్చే డబ్బు) కావాలి అనుకుంటే 2013 కంపెనీల చట్టం సెక్షన్ 8 కంపెనీ. ఇందులో డివిడెండ్, అంటే లాభంలో వాటా, తీసుకోవడం కుదరదు. పెట్టుబడిదారులు కావాలంటే ప్రైవేట్ లిమిటెడ్. మహిళలే యజమానులుగా ఉండాలంటే 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం ఉంది, నాకు బాగా నచ్చేది అదే. సలహా కోసం హైదరాబాద్‌లో కొత్త వ్యాపారాలకు సాయపడే వీ హబ్, టీ హబ్ తలుపు తట్టండి. వీ హబ్‌ను 2018లో తెలంగాణ ప్రభుత్వం మహిళా వ్యాపారుల కోసమే పెట్టింది.

4. నగదు ఆగకుండా చూసుకోండి

ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లుండవు. ఇంటి అద్దె మాత్రం ఆగదు. ఆ నెలల కోసం ఐటీ కంపెనీల ఈవెంట్లు, స్కూళ్ల ఆర్డర్లు ముందే పట్టుకోండి. పెళ్లి ఆర్డర్‌కు సగం అడ్వాన్స్ తీసుకోండి. కంపెనీలు బిల్లు ఆపి టెన్షన్ పెడతాయి కాబట్టి ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు) చేయించుకోండి, అది ఉచితం. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు రాతపూర్వక ఒప్పందం ఉన్నా గరిష్ఠంగా 45 రోజుల్లో డబ్బు కట్టాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల) చట్టం చెబుతోంది. దాటితే చక్రవడ్డీ కూడా కట్టాలి.

5. మేలును కొలవండి

ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చామన్నది కొలత కాదు. ఒక్కొక్కరికి నెలకు ఎంత చేతికొచ్చింది, ఎన్ని నెలలు పని దొరికింది, ఏడాది తర్వాత ఎంతమంది మీతోనే ఉన్నారు అనే మూడింటినీ నోటుబుక్కులో రాయండి. ఎవరైనా మానేస్తే ఎందుకో ఇంటికెళ్లి అడగండి.

6. పెరిగేటప్పుడు

పేద మహిళలకు అప్పులిచ్చే మైక్రోఫైనాన్స్ మంచి ఉద్దేశంతోనే మొదలైంది. వేగంగా పెరగాలన్న ఆత్రంలో ఒక్కో ఇంటికి మూడు నాలుగు అప్పులు అంటగట్టి, వసూళ్లకు వేధించిన ఫిర్యాదులతో 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తేవాల్సి వచ్చింది. అందుకే బయటి పెట్టుబడి తీసుకునే ముందే కనీస పీసు రేటు ఎంత, లాభంలో పనివాళ్ల వాటా ఎంత, వాటిని మార్చాలంటే ఎవరి ఒప్పుకోలు కావాలి అన్నవి షేర్‌హోల్డర్ల అగ్రిమెంట్‌లో రాయించండి. సంతకాలయ్యాక అడిగితే ఎవరూ ఒప్పుకోరు.