బ్రౌజర్ డీబగ్గింగ్ – 4వ పాఠం: డెవ్‌టూల్స్ ఎక్కడ ఆన్, ఎక్కడ ఆఫ్?

పోయిన పాఠంలో మన ప్రాక్టీసు పేజీకి బ్రేక్‌పాయింట్, అంటే కోడ్ నడుస్తూ ఏ వరుస దగ్గర ఆగాలో చెప్పే గుర్తు, పెట్టాం. ఫిషింగ్ హార్బర్ చేపల ధరలు చూపించే చిన్న పేజీ అది: వంజరం, చందువా, రొయ్యలు. ఈసారి డెవ్‌టూల్స్, అంటే కోడ్‌లో తప్పులు వెతకడానికి బ్రౌజర్‌లోనే ఉండే పరికరం, అలాగే అలాంటి విడి పరికరాలు ఏ సైట్‌లో పనిచేయాలో, ఏ సైట్‌లో పనిచేయకూడదో మనమే నిర్ణయించడం నేర్చుకుందాం.

ద్వారకానగర్‌లో నా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయి మొన్న స్క్రిప్ట్ ఫైల్లో వంజరం ధర 600ని 700 చేసింది. డెవ్‌టూల్స్ తెరిచి రీలోడ్ చేస్తే 700 వస్తోంది. మూసి రీలోడ్ చేస్తే 600. మళ్లీ తెరిస్తే 700. “సార్, తప్పు నా కోడ్‌లోనా, బ్రౌజర్‌లోనా?” అని చాలా టెన్షన్ పడింది.

రెండింటిలోనూ లేదు. డెవ్‌టూల్స్‌లో, పేజీకి వచ్చిపోయే ఫైళ్లను చూపించే నెట్‌వర్క్ ప్యానెల్లో ‘డిజేబుల్ క్యాష్’ (దాచుకున్న పాత ఫైళ్లు వాడొద్దు) అనే గడిలో ఆమె ఎప్పుడో టిక్ పెట్టింది. ఆ టిక్ డెవ్‌టూల్స్ తెరిచి ఉన్నంతసేపే పనిచేస్తుంది. మూయగానే బ్రౌజర్ తన దగ్గర దాచుకున్న పాత ఫైల్నే వాడుతుంది. ఆ ఫైల్ని గంటసేపు దాచుకోవచ్చని సర్వర్ చెప్పింది మరి. మామూలుగా సైట్ చూసేవాళ్లెవరూ డెవ్‌టూల్స్ తెరవరు. అందుకే పని అయ్యాక దాన్ని మూసి, పేజీని ఇంకోసారి చూడకుండా ‘అయిపోయింది’ అనకండి. ఈ పాఠంలో ఇంకేం మరిచినా ఇది మరవద్దు.

బ్రేక్‌పాయింట్ కూడా అంతే. డెవ్‌టూల్స్ తెరిచి ఉంటేనే పేజీ అక్కడ ఆగుతుంది. కానీ మీరు పెట్టిన గుర్తు పోదు. రేపు అదే పేజీలో డెవ్‌టూల్స్ తెరిచి రీలోడ్ చేస్తే మళ్లీ ఆగుతుంది. అన్నీ తీసేయకుండా కాసేపు పక్కన పెట్టాలంటే క్రోమ్‌లో కంట్రోల్, ఎఫ్8 కలిపి నొక్కండి.

ఇక తెరవడం. ఎఫ్12 నొక్కితే ఆ ఒక్క ట్యాబ్‌కే తెరుచుకుంటుంది, పక్క ట్యాబ్ జోలికి పోదు. కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి, లేదంటే కంట్రోల్, షిఫ్ట్, ఐ. నెట్‌వర్క్ ప్యానెల్ మాత్రం తెరిచినప్పటి నుంచే రాసుకుంటుంది. అంతకుముందు పేజీ నుంచి సర్వర్‌కి వెళ్లిన రిక్వెస్టులు అందులో కనిపించవు. కాబట్టి ముందు తెరవండి, తర్వాత రీలోడ్ చేయండి. చెల్లింపు పేజీలా వేరే చిన్న కిటికీ తెరుచుకునే చోట ఇది కష్టం. మీరు ఎఫ్12 నొక్కేలోపే అసలు సంగతి జరిగిపోతుంది. దానికి క్రోమ్ డెవ్‌టూల్స్ సెట్టింగ్స్‌లో ‘ఆటో ఓపెన్ డెవ్‌టూల్స్ ఫర్ పాపప్స్’ ఉంది. అవసరమైన రోజు టిక్ పెట్టి, సాయంత్రానికి తీసేయండి.

ఈ ‘ఏ సైట్‌లో ఆన్’ అన్న ప్రశ్న పాతదే. 2006లో జో హెవిట్ ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ కోసం ఫైర్‌బగ్ అనే డీబగ్గింగ్ పరికరం తెచ్చాడు. అందులో సైట్ల వారీగా ఆన్ చేసుకునే ఏర్పాటు ఉండేది. 2017లో ఫైర్‌బగ్ కథ ముగిసింది, ఫైర్‌ఫాక్స్ సొంత పరికరాలు ఆ చోటు తీసుకున్నాయి. కానీ బ్రౌజర్‌కి విడిగా వేసుకునే ఎక్స్‌టెన్షన్ల విషయంలో ఆ ప్రశ్న ఇప్పటికీ ఉంది.

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో కట్టిన పేజీలను పరిశీలించే రియాక్ట్ డెవలపర్ టూల్స్ లాంటి ఎక్స్‌టెన్షన్‌కి మీరు తెరిచే పేజీల్లోని సమాచారాన్ని చదివే, మార్చే అనుమతి ఉంటుంది. నేర్చుకునే పేజీకి అది కావాలి. అమ్మానాన్నల బ్యాంకు ఖాతా చూసే పేజీకి ఎందుకు? క్రోమ్‌లో ఎక్స్‌టెన్షన్ల పేజీకి వెళ్లి, దాని ‘డీటెయిల్స్’ నొక్కండి. ‘సైట్ యాక్సెస్’ దగ్గర మూడు దారులుంటాయి: నొక్కినప్పుడు మాత్రమే, ఎంచుకున్న సైట్లలో, అన్ని సైట్లలో. నా సలహా రెండోది. అక్కడ లోకల్‌హోస్ట్ (మీ సొంత కంప్యూటర్) చిరునామా, మీరు పనిచేసే సైట్ చిరునామా చేర్చండి. 127.0.0.1 అని తెరిచే అలవాటుంటే అదీ విడిగా చేర్చాలి. మనకి రెండూ ఒకటే, బ్రౌజర్‌కి కాదు. మార్చాక పేజీని రీలోడ్ చేయకపోతే ఫలితం కనిపించదు. పేజీని సర్వర్ లేకుండా నేరుగా ఫోల్డర్లోంచి తెరిచేవాళ్లు ఆ డీటెయిల్స్ పేజీలోనే ‘అలో యాక్సెస్ టు ఫైల్ యూఆర్‌ఎల్స్’ కూడా ఆన్ చేయాలి. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంటిపని: చేపల పేజీలో చందువా ధర మార్చండి. డిజేబుల్ క్యాష్ టిక్‌తో ఒకసారి, టిక్ లేకుండా ఒకసారి, డెవ్‌టూల్స్ మూసి ఒకసారి రీలోడ్ చేసి, మూడుసార్లూ కనిపించిన ధర నోట్‌బుక్‌లో రాసుకోండి. 5వ పాఠం ఆ మూడు అంకెలతోనే మొదలవుతుంది.