విజయనగరంలో ఇంటి ధర ఎందుకు పెరిగిందో లెక్కకట్టి చూసుకునే విధానం

విజయనగరంలో ఇల్లు కొనడానికి బయలుదేరి, చెప్పిన ధర విని తటపటాయించేవారికి మధ్యవర్తి దగ్గర సిద్ధంగా ఉండే జవాబు “ఎయిర్‌పోర్టు వస్తోంది కదండీ” అన్నదే. దగ్గర్లోని భోగాపురం విమానాశ్రయం గురించిన ఆ మాటలో నిజం లేకపోలేదు గానీ, మయూరి జంక్షన్ దగ్గరి పాత డాబాకూ, డెంకాడ వైపు పొలాల మధ్య హద్దు రాళ్లు పాతిన ప్లాటుకూ ఒకే కారణం చెప్పి రెండింటి ధరనూ సమర్థించడం కుదరదు. అడిగిన ధరలో ఇప్పటికే చేతికందిన సౌకర్యానికి చెల్లించేది ఎంత, ఇంకా రాని దానిమీద కాసే పందెం ఎంత అన్నది కొనేవారే విడదీసుకోవాలి. ఒక తెల్ల కాగితం, ఒక పూట తీరిక ఉంటే ఇది ఎవరైనా చేయగలిగిన పనే.

ముందుగా ఇంటినీ నేలనూ వేరు చేయాలి. ఉదాహరణకు 150 గజాల స్థలంలో కట్టిన వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 65 లక్షల రూపాయలు అడుగుతున్నారని అనుకుందాం. అటువంటి ఇల్లు ఈ రోజు కొత్తగా కట్టడానికి చదరపు అడుగుకు 2,000 రూపాయలు పడుతుందని మేస్త్రీ చెబితే కట్టడం విలువ 20 లక్షలు. మిగిలిన 45 లక్షలూ నేల ధరే, అంటే గజం 30,000 రూపాయలు. ఇల్లు పాతదైతే కట్టడం విలువలో తరుగు తీసివేయాలి కనుక గజం ధర ఇంకా పైకి పోతుంది. సిమెంటు, ఇనుము ఖరీదు పెరగడం వల్లనే ఇళ్ల ధరలు పెరిగాయని నమ్మేవారు ఈ లెక్క తప్పక వేసి చూడాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. పై ఇంటికి మూడు లక్షల సిమెంటు పట్టిందనుకున్నా దానివల్ల ఆదా అయ్యేది పాతిక వేల లోపే, అది ఒక్క గజం నేలకు కూడా చాలదు.

తరువాత చూడవలసింది అద్దె. ఒక ఇల్లు నేడు ఎంత ఉపయోగపడుతుందో చెప్పే కొలమానం అంతకంటె నమ్మకమైనది లేదు, ఎందుకంటే అద్దెకుండేవారు రేపటి విమానాశ్రయానికి ఈ నెల డబ్బు ఇవ్వరు. నీళ్లు, బడి, బజారు, బస్సు ఎంత దగ్గరో చూసి ఇస్తారు. పై ఇంటికి ఆ వీధిలో నెలకు 12,000 అద్దె వస్తుందనుకుంటే ఏడాదికి 1,44,000, అంటే 65 లక్షల మీద 2.2 శాతం. బ్యాంకులో దాచుకున్న సొమ్ముకు 6 శాతం వడ్డీ వస్తుందనుకుంటే, అదే 1,44,000 రావడానికి 24 లక్షలు సరిపోతాయి. అద్దె కూడా ఏటా పెరుగుతుంది కనుక ఇది మొరటు లెక్కే. అయినా మిగతా 41 లక్షలు చాలావరకు రేపటి మీది ఆశకు కడుతున్నామన్న సంగతి దీనివల్ల తెలుస్తుంది. రెండు వీధుల్లో అద్దెలు సమానంగా ఉండి ధరలు మాత్రం బాగా తేడాగా ఉంటే, ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో అమ్మేవారిని అడగండి.

ఆ ఆశకు ఆధారం ఉందో లేదో తేల్చాలంటే భూమి లభ్యతను పరిశీలించాలి, మన ఊరి విషయంలో అసలు కథ ఇక్కడే ఉంది. పటంలో ఖాళీగా కనిపించే నేల అంతా అమ్మకానికి వచ్చే నేల కాదు. ఇది సంస్థానపు ఊరు. పీవీజీ రాజు గారు 1958లో నెలకొల్పిన మాన్సాస్ ట్రస్టు భూములు, దేవాలయాల మాన్యాలు, చెరువు గర్భాలు, ప్రభుత్వ భూములు పట్టణం లోపలా చుట్టూరా ఉన్నాయి, అవి సాధారణ క్రయవిక్రయాలకు రావు. రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో చేరిన సర్వే నంబర్లకు దస్తావేజు రిజిస్టరు కాదు. వీటికి తోడు, అన్నదమ్ముల పంపకాలు తేలక తాళం పడిన మండువా ఇళ్లు, హైదరాబాదులోనో విదేశాల్లోనో స్థిరపడి “ఇప్పుడే అమ్మే ఉద్దేశం లేదు” అనేవారి ఖాళీ ప్లాట్లు ఉంటాయి. ఇవన్నీ పోగా ఏ చిక్కూ లేని స్థలం కొద్దిగానే మిగులుతుంది; గంటస్తంభం, మూడు లాంతర్ల చుట్టుపక్కల ధర దిగకపోవడానికి ఈ కొరతే ప్రధాన కారణమని నా అభిప్రాయం. అందుచేత మీరు చూసే స్థలపు సర్వే నంబరును నిషేధిత జాబితాతో సరిచూసి, కనీసం ముప్పై ఏళ్ల ఈసీ (ఆ స్థలం మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించడం భద్రత కోసం మాత్రమే కాక, ధర న్యాయమైనదో కాదో తెలుసుకోవడానికి కూడా అవసరం. చిక్కున్న స్థలం చౌకగా దొరకడంలో వింత లేదు, దానిని శుభ్రమైన స్థలం ధరకు అమ్మజూపినప్పుడే జాగ్రత్త పడాలి.

కొనేవారు ఎవరన్నది దీనికి అవతలి వైపు. 2011 జనాభా లెక్కల నాటికే పట్టణ జనాభా 2.28 లక్షలు. ఆ తరువాత 2022లో ఇక్కడి జేఎన్‌టీయూ ఇంజినీరింగు కళాశాల జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయంగా మారింది, 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది; విద్యార్థులతో పాటు జీతాలు తీసుకునే సిబ్బంది కూడా వచ్చారు, వారి రాక మొదట అద్దెలో, పిమ్మట ధరలో కనిపిస్తుంది. పట్టణం లోపలి నుంచి కనబడని గిరాకీ మరొకటి ఉంది. 1/70 చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాలలో భూమి గిరిజనేతరులకు బదిలీ కావడం చెల్లదు, ఆ రక్షణ అక్కడి గిరిజనులకు అత్యవసరం. గుమ్మలక్ష్మీపురం వంటి చోట ఏళ్ల తరబడి ఉద్యోగం చేసే గిరిజనేతర ఉపాధ్యాయుడు సొంత ఇల్లు కావాలనుకుంటే మైదానంలోని పట్టణానికి దిగిరావాల్సిందే. సైన్యంలో పనిచేసి పింఛనుతో తిరిగివచ్చేవారు, పిల్లల చదువు కోసం పల్లె నుంచి మకాం మార్చేవారు, విశాఖలో ధర అందక ఇక్కడ కొని రైల్లో రాకపోకలు సాగించేవారు కూడా ఈ వరుసలోనే ఉన్నారు. వీరందరూ నివసించడానికి కొంటారు కనుక వీరివల్ల పెరిగిన ధర త్వరగా పడిపోదు. ప్లాటు కొని కంచె వేసి వదిలేసేవారి గిరాకీ అలాంటిది కాదు. ఒక లేఅవుట్‌కు రాత్రి ఏడు గంటలకు వెళ్లి ఎన్ని ఇళ్లలో దీపాలు వెలుగుతున్నాయో లెక్కపెడితే ఈ రెంటిలో ఏది ఎక్కువో తెలిసిపోతుంది.

ఇక విమానాశ్రయం మాట. భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపన రెండుసార్లు జరిగింది: 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరొకసారి. మొదటి శంకుస్థాపన నాటి మాట నమ్మి అప్పుచేసి కొన్నవారు రెండవ దాని దాకా నాలుగేళ్లకు పైగా వడ్డీ కట్టారన్న మాట. ఏటా 8 శాతం చొప్పున పెరిగే సొమ్ము సుమారు తొమ్మిదేళ్లలో రెట్టింపవుతుంది కనుక, “తొమ్మిదేళ్లలో డబుల్ అయింది” అని గొప్పగా చెప్పిన ప్లాటు నిజానికి ఆ వడ్డీని మాత్రమే సంపాదించింది. కరపత్రాల్లో “ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు” అని ఉంటుంది గానీ, ఏ వాహనంలోనో ఉండదు. పదహారో నంబరు జాతీయ రహదారి వెంబడి లేఅవుట్ ధరను పరీక్షించడానికి ఎకరం లెక్క పనికొస్తుంది. ఎకరానికి 4,840 గజాలు. రోడ్లు, ఖాళీ స్థలం పోగా అమ్మకానికి సగానికి కాస్త అటూఇటూ, 2,500 గజాలు మిగులుతాయనుకోండి. ఆ పక్కన ఎకరం కోటి రూపాయలు పలుకుతుంటే గజానికి నేల ఖర్చు 4,000. రోడ్లు, కాలువలు, కరెంటు, అనుమతులు, ఏజెంట్ల కమీషను, పెట్టుబడి వడ్డీ కలిపి ఎంతవుతుందో విచారించి, అడిగిన ధర దానికి ఎన్ని రెట్లుందో చూడండి. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుట్‌కు రెరా (స్థిరాస్తి వ్యాపారాన్ని నియంత్రించే సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాలి, అది లేనిదే బేరం మొదలుపెట్టకండి.

బ్యాంకు వడ్డీ కూడా ధరను లేపుతుంది, ఊళ్లో ఏదీ మారకపోయినా సరే. 2025 ఫిబ్రవరి మొదట్లో 6.5 శాతంగా ఉన్న రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీని, రిజర్వు బ్యాంకు ఆ ఏడాది డిసెంబరు నాటికి 5.25కు తగ్గించింది. ఇరవై ఏళ్లకు తీసుకున్న 30 లక్షల అప్పుకు 8.5 శాతం వడ్డీ అయితే నెల కిస్తీ సుమారు 26,035 రూపాయలు, 7.5 శాతమైతే 24,168. మొదటి కిస్తీయే కట్టగలవారికి రెండవ వడ్డీ మీద 32.3 లక్షల అప్పు వస్తుంది. ఆ 2.3 లక్షలు కొనేవారందరి చేతికీ ఒకేసారి వస్తాయి కనుక, అమ్మేవారు తమ ధరలో వాటిని చాలావరకు కలిపేసుకుంటారు. వడ్డీ తగ్గిందన్న సంతోషంలో బేరం మరచిపోకూడదనడం ఇందుకే.

చివరగా, నోటి ధరనూ దస్తావేజు ధరనూ పక్కపక్కన రాసుకోవాలి. ఆ వీధిలో ఈ మధ్య జరిగిన అమ్మకాల నకళ్లు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తీసుకోవచ్చు గానీ, చాలామంది ప్రభుత్వ విలువ దగ్గరే దస్తావేజు రాయించుకుంటారు కనుక వాటిని కనీస ధరగానే చూడాలి. మన ఉదాహరణలోని 65 లక్షల ఇంటిని 40 లక్షలకే రాయిద్దామని అమ్మేవారు అంటే, స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం చొప్పున 4,87,500 నుంచి 3 లక్షలకు తగ్గుతుంది, అదే ఎర. కానీ 30 లక్షలు దాటిన గృహరుణం ఇంటి విలువలో 80 శాతానికి మించరాదన్న నిబంధన వల్ల, 52 లక్షల దాకా రావలసిన అప్పు 32 లక్షల దగ్గరే ఆగుతుంది. మిగిలిన 33 లక్షలు చేతి నుంచి పెట్టుకోవాలి, అందులో 25 లక్షలకు రసీదు ఉండదు. రేపు మీరే అమ్మేటప్పుడు ఆదాయపు పన్ను లెక్కలో మీ కొనుగోలు ధర 40 లక్షలే అవుతుంది.