పెద్ద జబ్బున్న ప్రేమకథను కామెడీగా రాయాలంటే

ఇలాంటి స్క్రిప్టులు ఎక్కువగా ఒకే చోట చెడతాయి. ప్రేమకథంతా సిద్ధం చేసుకున్నాక, చివర్లో ఏడిపించడానికి పనికొస్తుందని ఒక జబ్బు పేరు వెతుకుతారు. 60వ పేజీ దాకా దాని జాడే ఉండదు. ఆ తర్వాత ఒక దగ్గు, రుమాలు మీద రక్తం, తెల్ల దుప్పటి. ముందున్న నవ్వుకీ వెనకొచ్చే ఏడుపుకీ పొత్తు కుదరదు. అందుకని పని తలకిందులుగా మొదలుపెట్టండి: ముందు జబ్బు, తర్వాత జంట.

జబ్బును ఎంచుకోవడం

ఎన్నేళ్లు బతకనిస్తుందన్న లెక్క పక్కన పెట్టి, పొద్దున లేచిన దగ్గర్నుంచి మనిషి చేత ఏమేం చేయిస్తుందో చూడండి. కామెడీ దొరికేది అక్కడే. కిడ్నీలు పాడైన మనిషి సంగతే తీసుకోండి. మామూలుగా వారానికి 3 సార్లు, ఒక్కోసారి దాదాపు 4 గంటలు డయాలసిస్ కుర్చీలో కూర్చోవాలి. తాగే నీళ్లకు కొలత ఉంటుంది. చేతిలో ధమనినీ సిరనీ కలిపి ఫిస్టులా వేసి ఉంటే, దాని మీద వేలు పెట్టగానే సన్నటి అదురు తెలుస్తుంది. మొదటిసారి ఆ చెయ్యి పట్టుకున్న కుర్రాడు "మీ ఫోన్ మోగుతున్నట్టుంది" అంటాడు. జబ్బు సంగతి బయటపడింది, నవ్వూ వచ్చింది, పట్టుకున్న చెయ్యి ఇంకా వదల్లేదు. ఇలాంటి వివరాలు 20 దాకా పోగయ్యే వరకు సీన్లు మొదలుపెట్టకండి. 10 కూడా దొరక్కపోతే జబ్బు మార్చుకోండి.

ఇక్కడి నుంచి, హీరోయిన్‌కి చిన్న వయసులోనే పార్కిన్సన్స్ వచ్చిందనుకుందాం. ముసలితనపు జబ్బని పేరుపడ్డా ఇది 50 లోపు వాళ్లకూ వస్తుంది. 1817లో జేమ్స్ పార్కిన్సన్ దీని గురించి రాసినప్పుడు "వణుకు వాతం" అన్నాడు. ఆ పేరు పట్టుకునే రచయితలు బోల్తా పడతారు. వణుకు ఇందులో ఒక ముక్క మాత్రమే, కొందరికి అసలు ఉండదు కూడా. ముఖంలో కదలిక తగ్గడం, గొంతు సన్నబడటం, చేతిరాత పోనుపోను చిన్నదైపోవడం, వాసనలు తెలియకపోవడం, ఇవీ అందులోవే. ముఖం సంగతి ఒక్కటి చాలు, రొమాంటిక్ కామెడీకి కావలసిన అపార్థం తయారుగా ఉంది. అతను జోకు వేస్తాడు, ఆమె ముఖం కదలదు. తన జోకులు అంత దరిద్రంగా ఉన్నాయా అని అతనికి చెమటలు పడుతుంటాయి. లోపల ఆమె పడీపడీ నవ్వుతుంటుంది.

సీన్ ఆర్డర్ పక్కన మందుల గడి

సీన్ ఆర్డర్ రాసుకునే కాగితంలో ఒక గడి అదనంగా గీయండి. ప్రతి సీను టైమ్ ఎంత, చివరి మాత్ర ఎప్పుడు వేసుకుంది, ఇప్పుడు మందు పనిచేస్తోందా, దిగిపోతోందా అన్నది అందులో రాయండి. పార్కిన్సన్స్‌కి ప్రధానమైన మందు లెవోడోపా. కొన్నేళ్లు వాడాక ఒక్కో మాత్ర ప్రభావం కొన్ని గంటల్లోనే దిగిపోవడం మొదలవుతుంది. ప్రొటీన్ ఎక్కువున్న తిండితో కలిస్తే సరిగా ఒంటబట్టదు కాబట్టి భోజనానికి ఓ అరగంట ముందు వేసుకోమంటారు. డిన్నర్ సీనుకి గడియారం ఇక్కడే దొరికింది. 8 గంటలకు టేబుల్, ఏడున్నరకు మాత్ర. అతను గంటన్నర ఆలస్యంగా దిగుతాడు. ఆమె మీదున్న ఒత్తిడి ప్రేక్షకుడికి తెలుసు, అతనికి తెలియదు.

ఒక సీను, అడుగడుగునా

జబ్బు కొంత ముదిరినవాళ్లకు గుమ్మాల దగ్గరా ఇరుకు చోట్లా కాళ్లు నేలకు అతుక్కుపోతాయి. దీన్ని సీనుగా ఇలా కట్టుకోవచ్చు. పార్టీ హాల్లోకి వెళ్తూ ఆమె గుమ్మంలో ఆగిపోతుంది. వెనక జనం తోసుకొస్తున్నారు. అతను కంగారుపడి చెయ్యి పట్టి లాగుతాడు. ఇది తప్పు, లాగితే పడిపోతుంది. నిజంగా అందరూ చేసే తప్పు కాబట్టి సీన్లో ఉండాలి. అప్పుడు ఆమె "నీ కాలు అడ్డం పెట్టు" అంటుంది. "ఏంటీ?" "పెట్టవయ్యా బాబూ!" పెడతాడు. ఆమె దాన్ని దాటుతుంది, అక్కణ్నుంచి నడక మామూలే. నేల మీద దాటడానికి ఒక గీతో అడ్డో కనబడితే చాలామందికి ఆగిన అడుగు కదులుతుంది. పాట తాళం కూడా అలాగే పనిచేస్తుంది, డాన్స్ సీను కావాలంటే అది వాడుకోండి. ఇక వెనకున్న పెద్దావిడకి కనబడింది ఒక్కటే: జబ్బు మనిషికి కాలడ్డం పెడుతున్న దుర్మార్గుడు. గొడుగుతో ఒక్కటి తగిలిస్తుంది. ఇక్కడ నవ్వు పాలైంది ఆమె కాళ్లు కావు, తెలియకుండా తీర్పు చెప్పినావిడ. జోకు ఎవరి మీద పడుతోందో ప్రతిసారీ ఇలాగే చూసుకోండి.

మొదటి జోకు జబ్బున్న మనిషి నోటి నుంచే రావాలి. ప్రేమికుడికి ఆ చనువు ఏ 40వ పేజీకో దక్కాలి. అంతకంటే ముందు వేసి నాలిక్కరుచుకుంటే అదీ మంచి సీనే.

పేజీల లెక్క

పేజీకి నిమిషం చొప్పున 100 నుంచి 110 పేజీలు పెట్టుకుంటే, జబ్బు సంగతి 25వ పేజీ లోపు తెలిసిపోవాలి. దాచిపెట్టి సగంలో పేలిస్తే, అప్పటిదాకా నవ్వినందుకు ప్రేక్షకుడు తనను తాను తిట్టుకుంటాడు, తర్వాత మీరెంత నవ్వించబోయినా నవ్వడు. పెద్ద గొడవ 75వ పేజీ చుట్టుపక్కల రావాలి. దానికి జబ్బు కారణం కాకూడదు, జబ్బు పెంచిన అలవాటు కారణం కావాలి. ఆమె గొంతు వినబడదని ఆర్డర్ చెప్పడం దగ్గర్నుంచి ఫోన్లో మాట్లాడటం దాకా అన్నీ అతనే అందుకుంటుంటాడు. ప్రేమతోనే. ఒకరోజు ఆమె తల్లి అడిగిన ప్రశ్నకు కూడా అతనే జవాబు చెప్తాడు. గొడవకి అది చాలు.

డాక్టర్లు తలపట్టుకునే తప్పులు

పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా చెయ్యి ఒళ్లో ఊరికే ఉన్నప్పుడు కనబడి, దేన్నైనా అందుకోబోతే తగ్గుతుంది. కాబట్టి కాఫీ ఒలికే పాత గ్యాగ్, కరుణ సంగతి అటుంచి, వైద్యపరంగానే తప్పు. ఒళ్లంతా మెలికలు తిరిగినట్టు ఊగడం చాలావరకు జబ్బు పని కాదు, ఏళ్ల తరబడి వాడిన మందు పని. మందు బాగా ఎక్కినప్పుడు అది కనబడుతుంది, నటులకు ఈ తేడా చెప్పకపోతే రెండూ కలిపేస్తారు. ఇంకో జబ్బు రాస్తున్నా ఇవి గుర్తుంచుకోండి: కీమో మందులన్నిటికీ జుట్టు ఊడదు, ఊడే మందులకైనా మామూలుగా 2, 3 వారాలు పడుతుంది. మానిటర్ మీద గుండె గీత పూర్తిగా చదునైపోతే కరెంటు షాక్ ఇవ్వరు, ఛాతీ నొక్కుతారు. వెంటిలేటర్ గొట్టం గొంతులో ఉండగా ఎవరూ "ఐ లవ్ యూ" చెప్పలేరు. తీశాక కూడా గొంతు బొంగురుగానే ఉంటుంది. బొంగురు గొంతుతో మొదటి మాటగా తిట్టు పెట్టండి, బాగుంటుంది.

ముగింపుతో చాలామంది తంటాలు పడతారు. పార్కిన్సన్స్ నయం కాదు, అలాగని 105వ పేజీలో చంపేయాల్సిన జబ్బూ కాదు, దానితో ఏళ్ల తరబడి బతుకుతారు. కొత్త మందు కనిపెట్టించకండి. గుమ్మం సీను మళ్లీ తెండి. ఇద్దరూ ఏదో చిల్లర విషయానికి కీచులాడుకుంటూ వస్తుంటారు. గుమ్మం రాగానే అతను మాట ఆపకుండా, కిందికి చూడకుండా కాలు అడ్డం పెడతాడు. ఆమె దాటుతుంది. కీచులాట సాగుతూనే ఉంటుంది.

డ్రాఫ్ట్ పూర్తయ్యాక ఒక న్యూరాలజిస్టుకీ, ఆ జబ్బుతో ఉన్న ఇద్దరికీ చదవడానికివ్వండి. వాళ్ల సమయానికి డబ్బు చెల్లించండి. డాక్టర్‌ని ఏది తప్పో అడగండి. మిగతా ఇద్దరినీ మాత్రం ఎక్కడ నవ్వొచ్చింది, ఎక్కడ ఒళ్లు మండింది అనే రెండే అడగండి.