వానాకాలంలో పెరడు అడవైపోతే ఎక్కడ మొదలుపెట్టాలి

మృగశిర కార్తెలో గింజలు వేశారు, నాలుగు వానలు పడ్డాయి, మధ్యలో ఏదో పెళ్లికని ఊరికెళ్లి వారం తర్వాత వచ్చారు అనుకోండి, అంతే సంగతులు. గరిక మడుల్లోకి పాకుంటుంది, బీర తీగ పందిరి వదిలేసి కరివేపాకు చెట్టెక్కి ఉంటుంది, టమోటా చెట్లు నేల మీద పడుకుని ఉంటాయి, ట్యాప్ దగ్గరికి పోయే దారి కూడా కనపడదు. అప్పుడు మనలో చాలామంది చేసేది ఒకటే, ఒక మనిషిని పిలిపించి పెరడంతా నున్నగా చెక్కించేయడం. ఆ పూటకి కంటికి బాగుంటుంది, నిజమే. కానీ మన రాయలసీమలో, అందులోనూ అనంతపురంలో ఏడాది మొత్తానికి పడే వానే 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల, అందులో పెద్ద వాటా సెప్టెంబర్, అక్టోబర్‌లలోనే పడుతుంది. జూలై, ఆగస్టుల్లో వాన మొహం చాటేసే వారాలు ఉండనే ఉంటాయి, దానికి తోడు ఆ గాలి. నున్నగా చెక్కిన ఎర్రనేల రెండెండలకే గట్టిపడిపోతుంది, తవ్వినప్పుడు పైకొచ్చిన కలుపు గింజలన్నీ మళ్లీ వాన పడగానే ఒకేసారి మొలుస్తాయి. అందుకే నేను చెప్పేది: కలుపు తీయండి, కానీ నేలని బోసిగా మాత్రం వదలొద్దు.

ముందు చేతిలో కలుపు తీసే తొలిక కాదు, పొడుగు కర్ర పట్టుకోండి. గుబురుగా ఉన్న ప్రతిచోటా కర్రతో తట్టి, కదిలించి, కాసేపు ఆగి అప్పుడు చెయ్యి పెట్టండి. పాములు, తేళ్లు మనకి కొత్త కాదు కదా. కాళ్లకి బూట్లు వేసుకోండి, చెప్పులు చాలవు. పాత కుండీల్లో, టైర్లలో నీళ్లు నిలిచి ఉంటే ఆ తిరుగుడులోనే ఒంపేయండి, దోమల గొడవ సగం అక్కడే తీరుతుంది.

అన్నీ ఒకేసారి పీకాలని కూర్చోవద్దు, నడుం పోతుంది. విత్తనానికి వచ్చినవి మొదట. వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే వేర్లతో లాగేయాలి, ఒక్క మొక్క వేల గింజలు రాలుస్తుంది. చేతికి గ్లౌజులు తప్పనిసరి, చాలామందికి దాంతో ఒళ్లంతా దురద, దద్దుర్లు వస్తాయి. పల్లేరు కూడా కాయ ముదరకముందే తీసేయండి, లేదంటే తర్వాత ఏడాదంతా కాళ్లకి గుచ్చుకుంటుంది. టైం లేకపోతే కనీసం పూతలన్నా కొడవలితో కోసేయండి, మిగతా పని తర్వాత చూసుకోవచ్చు. రెండోది, ప్రతి కూరగాయ మొక్క మొదలు చుట్టూ జానెడు వెడల్పున శుభ్రం చేయడం. ఆ తర్వాత దారులు. గోడవారన, మూలల్లో ఉన్న తుమ్మి లాంటివి ఉంటే ఉండనీయండి, వాటి పూలకి తేనెటీగలు వస్తాయి, మీ గుమ్మడికి కావలసింది అవే.

కలుపు లాగడానికి పదును, అంటే నేలలో సరిపడా తడి, చూసుకోవాలి. ఎర్రనేలలో వాన పడిన మరుసటి రోజు సాయంత్రం బాగుంటుంది, వేరు తెగకుండా వస్తుంది. నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి ఉన్నవాళ్లు మాత్రం తొందరపడొద్దు, మట్టి చెప్పులకి అంటుకున్నంతసేపు మడిలో కాలు పెట్టకండి, తొక్కిన నేల ఆరాక గడ్డకట్టి వేర్లకి గాలి అందదు.

పీకిన కలుపు గేటు బయట పారేయొద్దు. గింజ కట్టనిదైతే వేర్లు పైకి వచ్చేలా మొక్కల మధ్యే పరిచేయండి, ఎండి అదే నేలకి కప్పు అవుతుంది. గరిక, తుంగ మాత్రం ఈ లెక్కలో రావు. గరిక ప్రతి కణుపు దగ్గరా వేరు పోస్తుంది. తుంగని లాగితే పైనున్న ఆకే చేతికొస్తుంది, కింద గడ్డ అలాగే ఉండి మళ్లీ మొలుస్తుంది, కాబట్టి పదునులో గడ్డపారతో లోతుగా పెళ్లగించి, గడ్డలతో సహా ఏరి, మిద్దె మీద బాగా ఎండబెట్టండి. కంపోస్టులో వేశారంటే ఎరువుతో పాటు తుంగని కూడా తోటంతా చల్లినట్టే. ఒక్కసారితో పోదు, ముందే చెబుతున్నా. పైకొచ్చిన ప్రతిసారీ తీస్తుంటే గడ్డలో బలం తగ్గుతుంది.

కప్పడానికి కలుపు చాలకపోతే శనక్కాయ పొట్టు ఉండనే ఉంది, మన జిల్లాల్లో దీనికి కరువేముంది. రెండు మూడు అంగుళాల మందాన పరచండి, మొక్క కాండానికి మాత్రం ఆనించకండి, మన ఎండునేలల్లో చెదలు త్వరగా పడతాయి. కప్పు వేశాక నీళ్లు పోసే ముందు పొట్టు జరిపి వేలు గుచ్చి చూడండి, లోపల తడి ఉంటే ఆ రోజుకి పైపు జోలికి పోవద్దు. ఇంకో లాభం, కలుపు ఏరేటప్పుడు చెంచలాకు, గురుగాకు దొరుకుతాయి, లేతగా ఉంటే ఆ పూట పప్పులోకి సరిపోతుంది. మందు కొట్టని చోట, మీకు కచ్చితంగా తెలిసిన ఆకైతేనే సుమా.

తీగల విషయంలో జాలి పనికిరాదు. బీర, సొర పందిరి దాటిపోతే కొసలు తుంచేయండి, పక్కకొమ్మలు వస్తాయి, ఆడపూలు ఎక్కువగా వాటి మీదే. పసుపుబారిన కింది ఆకులు తీసేయండి, గాలి ఆడుతుంది, బూడిద తెగులు తగ్గుతుంది. కాయలు రెండు రోజులకోసారి కోయాల్సిందే, ఒక్క బీరకాయ ముదిరి పీచు కట్టిందంటే తీగ కొత్త పిందె వేయడం తగ్గించేస్తుంది. పూలున్నా పిందె నిలవకపోతే మగపువ్వు కోసి ఆడపువ్వుకి మీరే అద్దండి. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, సొర కూడా అంతే, కాకర, గుమ్మడి పొద్దున. వేళ తప్పితే లాభం లేదు. పందిరి కర్రలు గాలికి ఊగుతుంటే తీగ బరువెక్కకముందే నాలుగు మూలలా ఇనుపతీగ లాగి కట్టండి, ఆషాఢం గాలికి పడిపోయిన పందిరిని కాయలతో సహా లేపడం ఇద్దరు మనుషుల పని.

బీర, కాకర కాయలు లేతగానే పసుపుబారి కుళ్లుతుంటే అది పండు ఈగ. రాలిన కాయలు అక్కడే వదిలేయకండి, కంపోస్టులోనూ వద్దు, కవర్లో మూతి కట్టి కొన్ని రోజులు ఎండలో పడేయండి. ఆ ఈగల్ని ఎరతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్ట కొనేటప్పుడు తీగజాతి కూరగాయలకని చెప్పి అడగండి, మామిడికి వాడే ఎర వేరే. వంగ మొక్క కొస వాలిపోతే లోపల పురుగు ఉన్నట్టే, రంధ్రం కిందికి కోసి నలిపేయండి. బెండ ఆకుల ఈనెలు పసుపుగా మారితే ఆ మొక్క ఇక బాగుపడదు, తెల్లదోమ మిగతా వాటికి అంటించకముందే పీకేయండి. పేనుబంకకి లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, ముందుగా కొంచెం సబ్బునీళ్లలో కలిపి, సాయంత్రం ఆకు అడుగున తగిలేలా కొట్టండి. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

మునగ కాండం మీద కంబళి పురుగులు గుంపుగా చేరితే చేత్తో ముట్టుకోకండి, సబ్బునీళ్లు గట్టిగా కొట్టండి.

చివరికి చిక్కుడు. ఆగస్టులో తీగ పందిరంతా కమ్మేసి ఒక్క పువ్వు కూడా లేదని టెన్షన్ పడి ఎరువు మీద ఎరువు వేస్తారు. మన పాత నాటు రకాలు పగలు తగ్గితే గానీ పూతకి రావు, మీరేం వేసినా అక్టోబర్ దాకా ఆకులే. ఇప్పుడు ఎరువు ఆపండి, కొసలు తుంచండి, పక్క మొక్కలకి నీడ పడకుండా చూసుకోండి, చలి మొదలయ్యాక కోసుకోవచ్చు.