యాంటీవైరస్ పేరు అడగకండి, పరీక్ష పెట్టండి

ఒంగోలులో కంప్యూటర్లు బాగు చేయడం మొదలుపెట్టి పదిహేనేళ్లయింది. షాపుకి వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "ఏ యాంటీవైరస్ మంచిది?" నేను పేరు చెప్పను. చెబితే రేపు దాని పాపం నా నెత్తిన పడుతుంది. చూసుకునే పద్ధతి చెబుతాను.

మొన్న చీమకుర్తి నుంచి ఒక క్వారీ గుమాస్తా లాప్‌టాప్ తెచ్చారు. "ఆన్ చేసి, టీ తాగి వచ్చినా తెరుచుకోవడం లేదండీ" అన్నారు. చూస్తే లోపల రెండు యాంటీవైరస్‌లు. ఒకటి డబ్బు పెట్టి కొన్నది, రెండోది పక్కింటి కుర్రాడు ఊరికే వేసిచ్చినది. తెరిచిన ప్రతి ఫైలునూ రెండూ తనిఖీ చేస్తున్నాయి. ఒకటి తీసేశాక మిషను తేరుకుంది.

విండోస్ 10, 11లలో డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ వాళ్ల సొంత యాంటీవైరస్ పుట్టుకతోనే ఉంటుంది. ఇంకో యాంటీవైరస్ వేస్తే మామూలుగా డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది. కాబట్టి కొనబోయేది దీనికంటే మెరుగా కాదా అన్నదే అసలు ప్రశ్న. అన్నట్టు, విండోస్ 10కి మామూలు మద్దతు, అంటే భద్రతా లోపాలను పూడ్చే అప్‌డేట్లు, 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ లోటును ఏ యాంటీవైరసూ పూడ్చలేదు.

మెరుగుదనం తేల్చేందుకు జర్మనీలో ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలో ఏవీ-కంపారిటివ్స్ అనే సంస్థలు ఉన్నాయి. ఏవీ-టెస్ట్ రక్షణకు 6, వేగానికి 6, వాడకానికి 6 మార్కులు వేస్తుంది. వాడకమంటే మంచి ఫైలును చూసి "దొంగ, దొంగ" అని అరవకపోవడం. రక్షణలో పేరున్నవన్నీ దాదాపు ఆరు దగ్గరే ఉంటాయి, అందుకే నేను మిగతా రెండు గడులు చూస్తాను. ఒక్క నెల ఫలితం చాలదు, ఏడాది పొడవునా చూడాలి.

తర్వాత మీ సొంత పరీక్ష. ట్రయల్ వేయకముందు ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, మిషను ఆన్ కావడానికి, ఎక్సెల్ తెరుచుకోవడానికి, పెళ్లి ఫోటోల ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లడానికి ఎంత పట్టిందో కాగితం మీద రాయండి. వేశాక మళ్లీ అవే పనులు, ఒక్కోటి మూడుసార్లు. ఒక్కసారి కొలిచి తీర్పు చెప్పేవాళ్లను నేను నమ్మను.

వేసిన యాంటీవైరస్ మేలుకునే ఉందా అని చూడటానికి ఐకార్ ఫైలు ఉంది. 68 అక్షరాల హానిలేని ఫైలు. యాంటీవైరస్‌లు దాన్ని వైరస్‌లాగే పట్టుకోవాలని అందరూ ఒప్పుకుని పెట్టుకున్నది. డౌన్‌లోడ్ చేయగానే అడ్డుపడాలి. అలాగని పట్టుకుంది కదా అని మురిసిపోకండి. కావలివాడు నిద్రపోవడం లేదని తెలుస్తుంది తప్ప, వాడి బలమెంతో తెలియదు.

డీటీపీ చేసేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ క్రాక్ (డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం విరిచిన దొంగ కాపీ) వేయడానికి "యాంటీవైరస్ కాసేపు ఆపండి" అని ఎవరైనా చెబితే, ఆపాల్సింది ఆ క్రాక్‌ని.

ధర దగ్గర మొదటి ఏడాది తగ్గింపు చూసి లొంగకండి, రెండో ఏడాది రెన్యువల్ ఎంతో చూడండి. కార్డు నుంచి దానంతట అదే డబ్బు తీసుకునే ఏర్పాటు ఉంటే ఆపేయండి.

గుమాస్తా గారు వెళ్లబోతూ మళ్లీ అడిగారు, ఏది కొనమంటారని. క్వారీ లెక్కలకు కాపీ ఎక్కడ ఉందని అడిగాను. "ఇందులోనే, ఇంకో ఫోల్డర్‌లో" అన్నారు. యాంటీవైరస్ డబ్బుకు ఇంకొంచెం కలిపి బయటి హార్డ్ డిస్క్ కొనిపించాను. శనివారం సాయంత్రం తగిలించి, కాపీ కాగానే తీసి బీరువాలో పెట్టమన్నాను. తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్, దానికీ తాళం వేస్తుంది.