ఇమోజీన్ కనుమ దారిలో జీపు ఇబ్బంది పెడితే

అమెరికాలోని కొలరాడోలో యూరే, టెల్యూరైడ్ పట్టణాల మధ్య ఉన్న ఇమోజీన్ కనుమ ఎత్తు 13,114 అడుగులు. థామస్ వాల్ష్ 1896లో బంగారం కనుగొన్న క్యాంప్ బర్డ్ గని ఒక వైపు, పాడుబడ్డ టామ్‌బాయ్ గని శిబిరం మరో వైపు. ఈ దారిలో వచ్చే చిక్కుల్లో చాలావాటికి మూలం గేరు ఆలస్యంగా మార్చడమేనని నా గట్టి అభిప్రాయం.

ఎక్కుతుంటే ఇంజిన్ నీరసిస్తోంది

కనుమ మీద గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. గాలిని ఒత్తి లోపలికి పంపే టర్బో లేని ఇంజిన్ శక్తి మూడో వంతుకు పైగా తగ్గుతుంది. ఇది బండి లోపం కాదు. నిటారు ఎత్తు మొదలవకముందే, చక్రాలను నిదానంగా కానీ ఎక్కువ బలంతో తిప్పే గేరు అమరిక అయిన లో రేంజ్‌లోకి మార్చి, మొదటి గేరులో నిదానంగా ఎక్కండి.

వేడి ముల్లు పైకి పోతోంది

నెమ్మది నడకలో రేడియేటర్‌కు గాలి చాలదు. ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తెరిచి, వెడల్పైన చోట ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత తీయకండి.

చక్రాలు రాళ్ల మీద జారుతున్నాయి

టైర్లలో గాలి ఎక్కువైంది. సుమారు 20 పీఎస్‌ఐకి దించితే పట్టు దొరుకుతుంది. తారు రోడ్డు ఎక్కే ముందు మళ్లీ నింపాలి.

దిగుతుంటే కాలిన వాసన, మెత్తబడిన బ్రేకు పెడల్

నేను అన్నిటికన్నా భయపడేది దీనికే. టెల్యూరైడ్ వైపు దిగుడు చాలా పొడవు, ఒక పక్క లోయ. పెడల్ మీద కాలు తీయకుండా దిగితే ప్యాడ్లు కాగి పట్టు వదిలేస్తాయి. వేడి ఇంకా పెరిగితే బ్రేకు ద్రవంలో ఆవిరి బుడగలు పుట్టి పెడల్ లోపలికి పోతుంది. వెంటనే వీలైన చోట ఆపి, చక్రాల కింద రాళ్లు పెట్టండి. డిస్కుల మీద నీళ్లు పోయకండి, పగలవచ్చు. పూర్తిగా చల్లారాక లో రేంజ్ మొదటి గేరులో, ఇంజినే బండిని పట్టి ఉంచేలా దిగండి. క్లచ్ తొక్కి ఉంచడం, న్యూట్రల్ చేయడం అసలే వద్దు. ఆటోమేటిక్ బండి అయితే కిందిస్థాయి గేరును మీరే ఎంచుకోవాలి. చల్లారినా పెడల్ గట్టిపడకపోతే ద్రవం కారుతూ ఉండవచ్చు. ఆ బండిని అక్కడే వదిలి సాయం కోరండి.

ఎదురుగా బండి వచ్చింది

ఎక్కేవారికే దారి హక్కు. సాధారణంగా దిగేవారే వెనక్కి జరగాలి, కాబట్టి దాటి వచ్చిన వెడల్పు చోట్లను గుర్తుంచుకోండి.

తలనొప్పి, వికారం

ఎత్తు వల్ల వచ్చినవే. డ్రైవరుకు వస్తే స్టీరింగు మరొకరికి ఇచ్చి కిందికి దిగండి. వేసవి మధ్యాహ్నాల్లో కనుమ మీద పిడుగుల ముప్పు కూడా ఉంటుంది, అందుకే ఉదయమే దాటేయడం మేలు. నీడ కోసమైనా పాత గని సొరంగాల్లోకి వెళ్లవద్దు: కుళ్లిన దుంగలు కూలవచ్చు, లోపల ప్రాణవాయువు లేకపోవచ్చు.