పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ సర్వర్‌కు బయటి నుంచి కనెక్షన్ కుదరకపోతే

ముందు ఏ సెట్టింగూ ముట్టుకోకండి. ఎర్రర్ మెసేజ్ చివరిదాకా చదవండి. మీ రిక్వెస్ట్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో అందులోనే ఉంటుంది.

చాలాసేపు ఆగి ‘టైమ్డ్ అవుట్’ అని వస్తే, సాధారణంగా సర్వర్ ఫైర్‌వాల్‌లోనో క్లౌడ్ సెక్యూరిటీ గ్రూప్‌లోనో పోస్ట్‌గ్రెస్ మామూలుగా వాడే 5432 పోర్టు మూసి ఉంటుంది. ఐపీ తప్పు కొట్టినా ఇంతే. పోర్టును మీ ఐపీకి మాత్రమే తెరవండి, దయచేసి ఊరందరికీ తెరవకండి.

వెంటనే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వస్తే, సర్వర్‌లో ‘ఎస్‌ఎస్ -ఎల్‌టీఎన్’ కమాండ్ కొట్టి చూడండి. 127.0.0.1:5432 (అంటే లోకల్‌హోస్ట్, ఆ సర్వర్ లోపలికే పరిమితం) ఒక్కటే కనబడితే పోస్ట్‌గ్రెస్ బయటి కనెక్షన్లు తీసుకోవడం లేదు. ఏ అడ్రసుల మీద కనెక్షన్లు తీసుకోవాలో చెప్పే ‘లిజన్_అడ్రసెస్’ సెట్టింగ్ (పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్.కాన్ఫ్ ఫైల్లో ఉంటుంది) మొదట్లో లోకల్‌హోస్ట్‌గానే ఉంటుంది. దాన్ని సర్వర్ ఐపీకి మార్చి, లైను ముందున్న హాష్ గుర్తు తీసేసి, రీస్టార్ట్ చేయండి. దీనికి రీలోడ్ సరిపోదు. ఉబుంటులో రెండు వెర్షన్లుంటే రెండోది 5433 మీద నడుస్తుండొచ్చు, అదీ చూసుకోండి.

‘నో పీజీ_హెచ్‌బీఏ ఎంట్రీ’ అని వస్తే సంతోషించండి, నెట్‌వర్క్ బాగానే ఉంది. ఆ మెసేజ్‌లో ఐపీ, యూజర్, డేటాబేస్ పేర్లుంటాయి. ఆ ఐపీ సర్వర్‌కు కనబడేది. మీ ల్యాప్‌టాప్‌లో కనబడే 192.168తో మొదలయ్యేది రాస్తే పని జరగదు. ఎవరు ఎక్కడి నుంచి లోపలికి రావచ్చో చెప్పేది పీజీ_హెచ్‌బీఏ ఫైలు. అందులో లైను ఈ వరుసలో ఉండాలి: కనెక్షన్ రకం, డేటాబేస్, యూజర్, ఐపీ, పాస్‌వర్డ్ సరిచూసే పద్ధతి (ఫైల్లో ఇంగ్లిషు అక్షరాలే వాడాలి):

హోస్ట్ బిల్లింగ్ యాప్‌యూజర్ 203.0.113.7/32 స్క్రామ్-షా-256

దీనికి రీలోడ్ చాలు. పోస్ట్‌గ్రెస్ ఈ ఫైలును పైనుంచి కిందికి చదివి, సరిపోయిన మొదటి లైను దగ్గరే ఆగిపోతుంది. అక్కడ పాస్‌వర్డ్ తప్పితే కింది లైను జోలికి వెళ్లదు. అందుకే పైన ‘రిజెక్ట్’ లైను ఉంటే, కింద మీరెంత సరిగ్గా రాసినా లాభం లేదు. ‘పీజీ_హెచ్‌బీఏ_ఫైల్_రూల్స్’ వ్యూలో ఎర్రర్ కాలమ్ చూస్తే ఏ లైనులో తప్పుందో తెలుస్తుంది. విసుగొచ్చి ‘ట్రస్ట్’ మాత్రం పెట్టకండి, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి పంపేస్తుంది.

పాస్‌వర్డ్ సరైనదే అయినా ఫెయిలైతే, పాత వెర్షన్‌లో ఎండీ5 అనే పాత పద్ధతిలో భద్రమైన పాస్‌వర్డ్ అలాగే ఉండిపోయిందేమో చూడండి. వెర్షన్ 14 నుంచి డిఫాల్ట్ పద్ధతి స్క్రామ్. ఆ యూజర్‌కు పాస్‌వర్డ్ మళ్లీ పెడితే కొత్త పద్ధతిలో భద్రమవుతుంది. ‘అథెంటికేషన్ మెథడ్ 10’ తెలియదని వస్తే మాత్రం మీ క్లయింట్ డ్రైవర్ (మీ ప్రోగ్రామ్ పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడేందుకు వాడే లైబ్రరీ) పాతది, అప్‌డేట్ చేయండి.

సర్వర్ వాడేది మీరొక్కరే అయితే 5432 అసలు తెరవక్కర్లేదు. ఎస్‌ఎస్‌హెచ్ టన్నెల్‌తో (సర్వర్‌లోకి లాగిన్ అయ్యే సురక్షిత దారిలోంచే) మీ మెషీన్‌లోని 5433 పోర్టును సర్వర్ లోకల్‌హోస్ట్ 5432కు కలిపి, క్లయింట్‌లో లోకల్‌హోస్ట్, 5433 ఇవ్వండి.